సిటీ ఎమర్జెన్సీ ఎత్తేసింది, ఇక మాకు రావాల్సినవన్నీ ఆగిపోతాయా?

ప్రశ్న: మేం లాస్ ఏంజలెస్ దగ్గర, ఈటన్ ఫైర్ అనే కార్చిచ్చు వచ్చిన కొండల కింద ఉన్న ఒక చిన్న సిటీలో ఉంటాం, ఊరి పేరు వెయ్యకండి ప్లీజ్. 2025 జనవరిలో మా గరాజ్, వెనక బెడ్‌రూమ్ కాలిపోయాయి, మిగతా ఇల్లంతా పొగ, మసి. అప్పట్నుంచి అద్దింట్లో ఉన్నాం, అద్దె ఇన్సూరెన్స్ వాళ్ళే కడుతున్నారు. మా ఆయనది హెచ్1బీ, నాది హెచ్4, పాప ఇక్కడే పుట్టింది. పోయిన వారం మా సిటీ కౌన్సిల్, ఫైర్ అప్పుడు ప్రకటించిన లోకల్ ఎమర్జెన్సీ ఎత్తేసింది. అంతే, ఇంటి ఓనర్ "ఎమర్జెన్సీ అయిపోయిందిగా, వచ్చే నెల నుంచి 4,200 కాదు, 5,600" అని మెసేజ్ పెట్టాడు. వాట్సాప్ గ్రూపులో ఏమో ఇక ఫెమా (విపత్తుల్లో సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ), ఇన్సూరెన్స్ అన్నీ ఆపేస్తారంటున్నారు. పాప పేరు మీద ఫెమాకి అప్లై చేస్తే కిందటి నెల నాట్ అప్రూవ్డ్ అని లెటర్ వచ్చింది. ఇన్సూరెన్స్‌లో అడ్జస్టర్ (మా నష్టం లెక్కగట్టే మనిషి) ఇప్పటికి మూడోసారి మారాడు, ఇల్లు తుడిపిస్తే చాలు టెస్టింగ్ అక్కర్లేదంటున్నాడు. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉండే మా అమ్మ "శిబిరాలు ఎత్తేశాక ఎవరొస్తారే, వచ్చింది తీసుకుని ఊరుకోండి" అంటోంది. నాకు నిద్ర పట్టట్లేదు. ఏం చెయ్యాలి?

సమాధానం: అమ్మా, ముందు అసలు విషయం చెప్పేస్తా, ఈ రాత్రికైనా కాస్త నిద్రపోండి. సిటీ ఎమర్జెన్సీ ఎత్తేసినందుకు మీ ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఆగదు, ఫెమా ఫైల్ మూసెయ్యరు, మీ ఓనర్‌కి ఇష్టమొచ్చినంత అద్దె పెంచే హక్కు కూడా రాదు. వీటిల్లో దేని గడువు దానికి వేరేగా ఉంది, ఏ గడువునీ మీ కౌన్సిల్ మీటింగ్ జరిగిన రోజు నుంచి లెక్కపెట్టరు. నా భయమల్లా ఒక్కటే, ఈ గ్రూపుల్లో మాటలు విని కంగారు పడుతూ కూర్చుంటే నిజంగా ఉన్న గడువు ఏదో ఒకటి చేతులారా దాటిపోతుందేమో అని.

ఎమర్జెన్సీ అంటే ఒకటే ఉందనుకుంటున్నారు అందరూ, అక్కడే వస్తోంది తికమకంతా. 2025 జనవరి 7న పొద్దున పాలిసేడ్స్ ఫైర్, సాయంత్రం ఈటన్ ఫైర్ అంటుకున్నాయి కదా, అదే రోజు గవర్నర్ న్యూసమ్ రాష్ట్రం తరఫున ఎమర్జెన్సీ ప్రకటించాడు, మర్నాడు ప్రెసిడెంట్ బైడెన్ మేజర్ డిజాస్టర్ అని డిక్లేర్ చేశాడు, కౌంటీ, అంటే ఇక్కడి జిల్లా లాంటిది, తనది తను పెట్టుకుంది, చుట్టుపక్కల సిటీలు ఎవరిది వాళ్ళు పెట్టుకున్నాయి. ఇప్పుడు మీ కౌన్సిల్ ఎత్తేసింది తను పెట్టుకున్నదాన్ని మాత్రమే. ఫెమా డబ్బులు నడిచేది ప్రెసిడెంట్ డిక్లరేషన్ మీద, మీ ఇన్సూరెన్స్‌లో ఫైర్ బాధితులకి ఇచ్చే అదనపు రక్షణలు నడిచేది గవర్నర్ ప్రకటన మీద. ఆ రెంటినీ మీ కౌన్సిల్ అనుకున్నా రద్దు చెయ్యలేదు. ఇంకోటి, ఈటన్ ఫైర్‌లో బాగా కాలిన ఆల్టడీనా అసలు సిటీయే కాదు, నేరుగా కౌంటీ కింద ఉంటుంది, అక్కడుండేవాళ్ళకి వర్తించేది కౌంటీ ఎమర్జెన్సీ, మీకేమో మీ సిటీది. రెండు వీధుల అవతల ఉన్నవాళ్ళకి ఒక రూలు మీకు ఒక రూలు ఉండొచ్చు, అందుకే గ్రూపులో ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళకి పొసగదు.

మరి ఎందుకు ఎత్తేశారు, మమ్మల్ని వదిలేసినట్టే కదా అంటారేమో. అట్లా అనిపించడం సహజమే, ఇల్లు మసిలో ఉండగా ఊరు మామూలైపోయిందని మైకులో చెప్తుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ కాలిఫోర్నియా గవర్నమెంట్ కోడ్ 8630 ప్రకారం ఆఫీసర్ పెట్టిన ఎమర్జెన్సీని కౌన్సిల్ 7 రోజుల్లో ఒప్పుకోవాలి, ఆ తర్వాత కనీసం 60 రోజులకోసారి ఇంకా అవసరమా అని చూడాలి, పరిస్థితి అనుకూలించగానే వీలైనంత తొందరగా ఎత్తెయ్యాలి. ఎమర్జెన్సీ నడుస్తున్నన్నాళ్ళూ టెండర్లు లేకుండా పనులు ఇవ్వడం, కర్ఫ్యూలు పెట్టడం లాంటి అధికారాలు వాళ్ళ చేతిలో ఉంటాయి, అవి ఏళ్ళ తరబడి ఉండకూడదనే ఆ రూలు, నన్నడిగితే మంచి రూలే. సిటీకి రాష్ట్రం నుంచి రావాల్సిన డబ్బు కూడా దీనివల్ల పోదు, దానికి కావాల్సింది ఫైర్ అయిన 10 రోజుల్లోపు ఎమర్జెన్సీ ప్రకటించడం, అది ఎప్పుడో అయిపోయింది.

ఎత్తేయడం వల్ల నిజంగా మారేవి కొన్ని ఉన్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అవి సిటీ తన చేత్తో తను ఇచ్చినవి, పర్మిట్ ఫీజుల మాఫీ, రిపేరు ప్లాన్లు ముందు చూడటం, ఖాళీ స్థలంలో ట్రైలర్ పెట్టుకుని ఉండనివ్వడం, ఇట్లాంటివి. వీటిల్లో కొన్నిటికి విడిగా తేదీ ఉంటుంది, కొన్ని "ఎమర్జెన్సీ ఉన్నంతవరకు" అని రాసి ఉంటాయి, ఆ రెండోరకం ఆగిపోతాయి. సిటీ వెబ్‌సైట్లో ఆ మీటింగ్ అజెండా ఓపెన్ చేస్తే రిజల్యూషన్, అంటే కౌన్సిల్ తీర్మానం, ఉంటుంది, పైన అరపేజీ "వేర్‌యాజ్, వేర్‌యాజ్" అని జరిగిన కథంతా ఉంటుంది, అది వదిలెయ్యండి, కింద సెక్షన్ 1, సెక్షన్ 2 అని నంబర్లు వేసి ఉన్నది మాత్రం నిదానంగా చదవండి. ఏ పాత ఆర్డర్లు రద్దవుతున్నాయో, ఏవి కొనసాగుతాయో అక్కడే ఉంటుంది. చదివాక బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ కాదు, ఈమెయిల్ పెట్టండి, మా అడ్రస్ ఇది, రిపేరు పర్మిట్‌కి ఫీజు మాఫీ ఇంకా ఉందా, ఎప్పటిదాకా అని. రాతలో జవాబు ఉంటే రేపు కౌంటర్లో ఇంకో మనిషి ఇంకో మాట చెప్పినా మీకు ఆధారం ఉంటుంది. కొనసాగించాల్సినదాన్ని ఆపేశారనిపిస్తే వచ్చే మీటింగ్‌కి వెళ్ళి పబ్లిక్ కామెంట్‌లో నిలబడి చెప్పండి, దానికి సిటిజెన్ అవ్వాల్సిన పని లేదు, వీసా ఎవరూ అడగరు.

అమ్మగారి మాట తప్పని నేననను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆవిడ చూసింది వేరు. అక్కడ సిటీ ఎమర్జెన్సీ పెట్టడం, ఎత్తేయడం అనేవే లేవు, సచివాలయం వాళ్ళు నష్టం లెక్క రాసుకునే ఎన్యూమరేషన్‌కి వచ్చారా, లిస్టులో పేరు ఎక్కిందా, కింద పోర్షన్‌కి 25,000, పై అంతస్తుకి 10,000 అకౌంట్లో పడ్డాయా, అంతే. లిస్టు మూసేస్తే ఎవరి చుట్టూ తిరగాలో తెలీదు. ఆవిడ భయం అక్కడి అనుభవం నుంచి వచ్చింది. మీది అట్లా కాదు, మీరు ప్రీమియం కట్టి కొనుక్కున్న పాలసీ అది, ఎవరో దయతో ఇచ్చేది కాదు, "వచ్చింది తీసుకుని ఊరుకోవడం" మాత్రం చెయ్యకండి.

ఇప్పుడు ఇన్సూరెన్స్, అన్నిటికంటే పెద్దది ఇదే. వాళ్ళు కట్టే అద్దె మీ పాలసీలో అడిషనల్ లివింగ్ ఎక్స్‌పెన్సెస్ కింద వస్తుంది, చాలా పాలసీల్లో కవరేజ్ డీ అని ఉంటుంది. గవర్నర్ ప్రకటించిన ఎమర్జెన్సీలో పోయిన ఇళ్ళకి కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఇది నష్టం జరిగిన రోజు నుంచి కనీసం 24 నెలలు ఇవ్వాలి, పర్మిట్లు లేటవడం, కాంట్రాక్టర్ దొరక్కపోవడం లాంటి మీ చేతిలో లేని కారణాలతో ఆలస్యమైతే ఇంకో 12 నెలలు పొడిగించాలి. అంటే మీకు 2027 జనవరి దాకా టైమ్ ఉంది. కానీ ఇక్కడొక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి, ఆ 24 నెలలు అనేది టైమ్ మాత్రమే, పాలసీలో ఉన్న డబ్బు లిమిట్ మారదు. మాటవరసకి మీ లిమిట్ లక్ష డాలర్లు అనుకోండి, నెలకి 4,200 అయితే దాదాపు 24 నెలలు వస్తుంది, అదే 5,600 అయితే 18 నెలలు కూడా రాదు. అందుకే ఓనర్ "కట్టేది ఇన్సూరెన్సే కదా మీకేంటి" అంటే నవ్వి ఊరుకోవద్దు, ఆ పెంచిన ప్రతి డాలరూ మీరు ఇన్సూరెన్స్ డబ్బుతో అద్దింట్లో ఉండగలిగే రోజుల్లోంచి పోతుంది. ఈ వారమే కంపెనీకి రాసి రెండు అడగండి, కవరేజ్ డీ లిమిట్ ఎంత, ఇప్పటిదాకా ఎంత వాడారు. మీరు రాతపూర్వకంగా అడిగిన దేనికైనా వాళ్ళు 15 రోజుల్లో జవాబివ్వాలి. పాలసీ పూర్తి కాపీ లేకపోతే అది కూడా అడగండి, 30 రోజుల్లో ఇచ్చి తీరాలి. చాలామంది దగ్గర పాలసీ సారాంశం ఉండే డిక్లరేషన్ పేజీ ఒక్కటే ఉంటుంది, దాంట్లో సగం సంగతులు ఉండవు.

అడ్జస్టర్లు మారడం గురించి కూడా రూలుంది, 6 నెలల్లో మూడో మనిషిని పెడితే కంపెనీ మీకు రాతపూర్వకంగా స్టేటస్ రిపోర్ట్ ఇవ్వాలి, ఏం ఒప్పుకున్నారు, ఏం పెండింగ్, ఏం కాదన్నారు అని. ఇది అడగండి, ఎందుకంటే కొత్తగా వచ్చిన ప్రతివాడూ మొదట్నుంచి మొదలుపెడుతుంటే పాతవాడు ఒప్పుకున్నవి గాలిలో కలిసిపోతాయి.

పొగ సంగతికొస్తే, తుడిపిస్తే చాలన్న మాట మీరు ఒప్పుకోకండి. ఈటన్‌లో కాలింది అడవి ఒక్కటే కాదు, పాతకాలం ఇళ్ళు వేలల్లో కాలాయి, వాటి గోడల రంగుల్లో సీసం, పైకప్పుల్లో, ఫ్లోరింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేవి, ఆ మసే మీ ఇంట్లో పడింది. కిటికీ పట్టాల్లో దుమ్ము తుడిస్తే పోతుంది, అటకలో ఇన్సులేషన్‌లోకి, ఏసీ డక్టుల్లోకి పోయినది ఏ గుడ్డకి అందుతుంది చెప్పండి. ఐదేళ్ళయినా నిండని పిల్లలు ఉన్న ఇంట్లో సీసం సంగతి అంత తేలిగ్గా తీసుకునేది కాదు, పాప వయసు రాయలేదు గానీ చిన్నదైతే ఆ గదుల్లోకి అస్సలు తీసుకెళ్ళకండి, డాక్టర్ని అడిగి రక్తంలో లెడ్ లెవెల్ టెస్ట్ చేయించండి. 2025 మార్చిలోనే రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్ రికార్డో లారా ఆఫీసు నుంచి కంపెనీలకి బులెటిన్ వెళ్ళింది, పొగ డ్యామేజ్ క్లెయిములని సరిగ్గా విచారించకుండా తోసెయ్యొద్దని. మీరు అడ్జస్టర్‌కి ఒకటే రాయండి, టెస్టింగ్ అక్కర్లేదని ఏ ఆధారంతో నిర్ణయించారో, పాలసీలో ఏ క్లాజ్ ప్రకారమో రాతలో ఇవ్వండి అని. చాలాసార్లు ఈ ఒక్క ప్రశ్నకే మాట మారుతుంది. మారకపోతే కాలిఫోర్నియా డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కి కంప్లైంట్ పెట్టండి, నంబర్ 800-927-4357, డబ్బులేం కట్టక్కర్లేదు. కంప్లైంట్ పెడితే పాలసీ క్యాన్సిల్ చేస్తారేమో అని మనవాళ్ళు వెనకాడుతుంటారు, ఆ భయం వద్దు, ఫైర్ ఏరియా జిప్‌కోడ్‌లలో గవర్నర్ ప్రకటన నుంచి ఏడాదిపాటు ఆ ఫైర్ రిస్క్ సాకుతో నాన్‌రెన్యువల్ చెయ్యడానికి, అంటే పాలసీ మళ్ళీ కొనసాగించం అనడానికి, వీల్లేకుండా ఉండేది. అది 2026 జనవరి 7 దాకానే అని గుర్తుపెట్టుకోండి, ఆ తర్వాత కూడా నాన్‌రెన్యువల్ నోటీస్ వస్తే ముందుగా 75 రోజులు టైమ్ ఉంటుంది, వేరే కంపెనీ వెతుక్కోవడానికి.

ఫెమా లెటర్ దగ్గరికి వద్దాం. పాప పేరు మీద అప్లై చెయ్యడం మంచి పని చేశారు, హెచ్1బీ, హెచ్4 వాళ్ళకి సొంతంగా ఫెమా క్యాష్ సాయం రాదు గానీ ఇంట్లో సిటిజెన్ పిల్లలుంటే వాళ్ళ తరఫున తల్లిదండ్రులు అడగొచ్చు, చాలామందికి ఇది తెలీక అసలు అప్లై చెయ్యలేదు. నాట్ అప్రూవ్డ్ అన్నంత మాత్రాన కథ అయిపోలేదు, లెటర్ లోపల కారణం రాసి ఉంటుంది, మీకు ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి బహుశా సెటిల్‌మెంట్ పేపర్లు పంపమని ఉంటుంది. ఇన్సూరెన్స్ ఇచ్చినదానికి ఫెమా మళ్ళీ ఇవ్వదు, ఇన్సూరెన్స్ ఇవ్వనన్నదానికి, లిమిట్ అయిపోయినదానికి చూస్తుంది. అపీల్‌కి లెటర్ మీద ఉన్న తేదీ నుంచి 60 రోజులు, మీ చేతికి అందిన రోజు నుంచి కాదు. కిందటి నెల వచ్చిందన్నారు, అంటే సగం టైమ్ అయిపోయి ఉండొచ్చు, మిగతావన్నీ తర్వాత, ఇది ముందు చెయ్యండి. ప్రతి పేజీ మీద అప్లికేషన్ నంబరు, డిజాస్టర్ నంబరు 4856 రాసి పంపండి. ఇల్లు దొరకనివాళ్ళకి ఫెమా ఇచ్చే హౌసింగ్ సాయం మామూలుగా డిక్లరేషన్ నుంచి 18 నెలలు ఉంటుంది, అది కూడా 2025 జనవరి 8 నుంచే లెక్క, మీ సిటీ ఏం చేసినా దాంతో సంబంధం లేదు.

ఇక ఓనర్. ముందు మీ లీజ్ తీసి ఆఖరి తేదీ చూడండి, ఏడాదికని సంతకం పెట్టుకుని ఉంటే ఆ ఏడాది మధ్యలో పెంచడానికి లేదు, అక్కడితో మాట అయిపోయింది. నెలనెలా అద్దె అయితే, 4,200 నుంచి 5,600 అంటే మూడో వంతు పెంపు, 10 శాతం దాటి పెంచాలంటే కాలిఫోర్నియాలో 90 రోజుల ముందు రాతపూర్వక నోటీస్ ఇవ్వాలి, వాట్సాప్‌లో "వచ్చే నెల నుంచి" అంటే చెల్లదు. ఇది మామూలు రోజుల్లో రూలు. దీని పైన పీనల్ కోడ్ 396 ఉంది, ఎమర్జెన్సీ టైమ్‌లో అద్దె అంతకుముందున్నదానికంటే 10 శాతానికి మించి పెంచితే నేరం. ఆ రక్షణ ప్రెసిడెంట్, గవర్నర్, కౌంటీ, సిటీ ఎవరు ఎమర్జెన్సీ పెట్టినా వస్తుంది, అందుకని మీ సిటీది పోయినా పైవాళ్ళ పొడిగింపు ఇంకా నడుస్తుంటే మీ ఓనర్ చెయ్యి కట్టేసే ఉంటుంది. పొడిగింపులు తేదీలతో మారుతుంటాయి కాబట్టి ఈరోజుకి ఉందా లేదా అని కౌంటీ కన్స్యూమర్ అండ్ బిజినెస్ అఫైర్స్ వాళ్ళని అడగండి, కంప్లైంట్ తీసుకునేది కూడా వాళ్ళే. అడిగేటప్పుడు ఇంకో మాట కూడా కనుక్కోండి, మీరిప్పుడున్న అద్దిల్లు 2025 జనవరి 7కి ముందు ఎంతకి ఉండేది అని, పాత లిస్టింగులు ఆన్‌లైన్లో దొరుకుతాయి. అప్పుడు 3,500 ఉండి మీకు 4,200కి ఇచ్చుంటే ఇప్పుడు మీరు కడుతున్నదే ఎక్కువ. ఓనర్‌తో గొడవ పెట్టుకోకండి, మర్యాదగా "మీ మెసేజ్ అందిందండి, లీజ్, నోటీస్ రూల్స్ ప్రకారం ఈ పెంపు కుదరదని తెలిసింది, కౌంటీ వాళ్ళని అడుగుతున్నాం, అప్పటిదాకా 4,200 యథావిధిగా కడతాం" అని ఈమెయిల్ పెట్టండి. మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ప్రాపర్టీ టాక్స్ కూడా చూసుకోండి, డ్యామేజ్ 10,000 డాలర్లు దాటితే ఆస్తి విలువ లెక్కగట్టే కౌంటీ అసెసర్ దగ్గర విలువ తగ్గించమని ఫైర్ అయిన 12 నెలల్లోపు, అంటే 2026 జనవరి మొదటిదాకా, అడిగే వీలుండేది, అప్పుడు అడిగారో లేదో చూసుకోండి. కాలిన గదికి కూడా పూర్తి టాక్స్ కట్టడం ఎందుకు.

మీరు అడగలేదు గానీ వీసా మీద ఉన్నారు కాబట్టి ఇది చెప్పకుండా వదల్లేను. ఫైర్ తర్వాత ఇల్లు మారారు కదా, యూఎస్‌సీఐఎస్‌లో, అంటే ఇమిగ్రేషన్ శాఖలో, అడ్రస్ మార్చారా? ఏఆర్-11 ఫామ్, మారిన 10 రోజుల్లో పెట్టాలి, ఆయనకి వేరేగా మీకు వేరేగా, పాపకి అక్కర్లేదు. మళ్ళీ సొంతింటికి వెళ్ళినప్పుడు కూడా మళ్ళీ పెట్టాలి. మర్చిపోయి ఉంటే ఆగకుండా ఇప్పుడే పెట్టెయ్యండి. మీ ఆయన ఇంటి నుంచి పని చేస్తూ, హెచ్1బీ కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌లో పెట్టే ఎల్‌సీఏ ఫామ్‌లో కాలిన ఇంటి అడ్రస్సే వర్క్ లొకేషన్‌గా ఉంటే కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్‌కి కూడా చెప్పాలి. లాస్ ఏంజలెస్, ఆరెంజ్ కౌంటీలు ఒకే మెట్రో ఏరియా కాబట్టి ఆ లోపల మారితే మామూలుగా పెద్ద చిక్కు ఉండదు, కొత్త చోట ఎల్‌సీఏ నోటీస్ అంటిస్తే సరిపోతుంది. కానీ ఈ అద్దె గొడవతో విసిగిపోయి రాంచో కుకమోంగా, ఈస్ట్‌వేల్ వైపు చవగ్గా వస్తుందని చూస్తుంటే ఆగండి, అవి వేరే మెట్రో కిందకి వస్తాయి, కంపెనీ హెచ్1బీ అమెండ్‌మెంట్ (మార్పు పిటిషన్) వెయ్యాల్సి రావొచ్చు. లాయర్ సరే అన్నాకే అక్కడ అడ్వాన్స్ కట్టండి.